చెప్పుకుందామంటే ఎవరున్నారు?

*బడిలో పిల్లల్ని పిల్లలే సతాయిస్తున్నారు. పెద్దల చేతిలో బెత్తం ఇంకా పోలేదు. హాస్టల్ గోడల వెనక ఏం జరుగుతోందో ఇంటికి తెలియడం లేదు. మఠంపల్లి నుంచి సూర్యాపేట దాకా పిల్లల భద్రతపై ఈ వారం ముఖచిత్ర కథనం.*

2022 జనవరి 1 రాత్రి. సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ హాస్టల్. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో చేరిన ఒక హైదరాబాద్ కుర్రాణ్ని సీనియర్లు గదికి పిలిపించారు. బట్టలు విప్పమన్నారు. అతను విప్పుతుంటే ఫోన్లలో వీడియో తీశారు. కొట్టారు. ట్రిమ్మర్‌తో తల గొరగబోయారు. ఎలాగో విడిపించుకుని తన గదికి పరుగెత్తిన ఆ కుర్రాడు హైదరాబాద్‌లో ఉన్న నాన్నకు ఫోన్ చేశాడు. నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న తండ్రి ఆ రాత్రివేళ చేయగలిగింది ఒక్కటే. 100కు డయల్ చేశాడు. కాసేపటికి పోలీసులు హాస్టల్‌కు వచ్చారు.

తర్వాత జరిగింది పత్రికల్లో అందరూ చదివిందే. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ర్యాగింగ్ చట్టం కింద కేసు పెట్టారు. ఆరుగురు సీనియర్లను ఏడాదిపాటు కాలేజీ నుంచి సస్పెండ్ చేశారు.

ఈ వార్తలో ఒక సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సూర్యాపేట మెడికల్ కాలేజీ 2019లో 150 సీట్లతో మొదలైంది. ఈ ఘటన నాటికి దాని వయసు మూడేళ్లు కూడా నిండలేదు. తరతరాలుగా వస్తున్న ఆనవాయితీ అని చెప్పుకోవడానికి అక్కడ తరాలే లేవు. మరి ఒకణ్ని గదిలోకి పిలవడం, చుట్టూ నిలబడి నవ్వడం, వీడియో తీయడం ఎక్కడ నేర్చుకున్నారు? ఆ కాలేజీలో అడుగుపెట్టేనాటికే నేర్చుకుని ఉండాలి. పన్నెండేళ్లు బళ్లలో, ఇంటర్ హాస్టళ్లలో గడిపి వచ్చిన పిల్లలు వాళ్లు. ర్యాగింగ్ గురించి మాట్లాడాలంటే మెడికల్ కాలేజీ గేటు దగ్గర ఆగిపోతే లాభం లేదు. ఊరి బడి దాకా వెనక్కి నడవాలి.

కృష్ణ ఒడ్డున బడి గంట

సూర్యాపేట జిల్లాకు దక్షిణపు కొసన ఉంటుంది మఠంపల్లి మండలం. కృష్ణ దాటితే ఆంధ్రప్రదేశ్. మట్టపల్లి నరసింహస్వామి గుడి, మఠంపల్లి శుభవార్త చర్చి, సిమెంటు ఫ్యాక్టరీలు, వరి పొలాలు, లంబాడా తండాలు. చిన్న మండలమే అయినా బడికి పోయే పిల్లల్లో ఎన్నో రకాలవాళ్లున్నారు. తండా నుంచి వచ్చే పిల్లలు, రైతుల పిల్లలు, ఫ్యాక్టరీ ఉద్యోగుల పిల్లలు, పొట్టచేత పట్టుకుని పరాయి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల పిల్లలు.

పొద్దున రోడ్డు మీద నిలబడితే వీళ్లు ఎటెటు పోతున్నారో తెలుస్తుంది. హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ప్రైవేటు బళ్ల పసుపు బస్సులు ఒకవైపు. డ్రైవర్ పక్కన ఇద్దరు, వెనక సీట్లో ఒకరి ఒళ్లో ఒకరు, బ్యాగులన్నీ బయట కొక్కేలకు వేలాడదీసిన ఆటోలు ఇంకోవైపు. పక్కనుంచి సిమెంటు లారీ దుమ్ము రేపుకుంటూ పోతుంది. పిల్లల భద్రత అనగానే మన మనసు ముందు ఈ రోడ్డు మీదికే పోతుంది. పోవాల్సిందే. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలాలేని రైల్వే గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొట్టిన రోజును తెలంగాణలో కన్నవాళ్లు ఎవరూ మరచిపోలేరు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘోరం తర్వాత నడిచిన కేసులోనే సుప్రీంకోర్టు 2009లో, చదువుకునే హక్కంటే క్షేమంగా ఉండే బడిలో చదువుకునే హక్కని చెప్పింది.

బస్సు కండిషన్‌ను ఆర్టీఏ చూస్తుంది. గోడ పగులు ఇంజనీరుకు కనబడుతుంది. ఈ రెండింటికీ కనీసం తనిఖీ ఉంది. బస్సు వెనక సీట్లో ఐదో తరగతి పిల్లాడి చెవి మెలిపెట్టే తొమ్మిదో తరగతి పిల్లాణ్ని తనిఖీ చేసేవాళ్లు లేరు.

టిఫిన్ డబ్బా మీద మట్టి

ఏడో తరగతి పిల్లాడి బ్యాగులోంచి టిఫిన్ డబ్బా మాయమవుతుంది. మధ్యాహ్నం బడి వెనక చెట్టు కింద దొరుకుతుంది. మూత తీస్తే అన్నంలో మట్టి. నవ్వినవాళ్లు నలుగురు. చూసి తల తిప్పుకున్నవాళ్లు నలభై మంది. పిల్లాడు ఆ పూట పస్తుంటాడు. మర్నాడు కడుపునొప్పి అంటాడు. వారం తిరక్కుండా మళ్లీ కడుపునొప్పి. అమ్మ ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోతుంది. మందు బిళ్లలకు తగ్గే నొప్పి కాదది.

మన బళ్లలో ఇలాంటివి రోజూ జరుగుతాయి. పొట్టోడు, బండోడు, నల్లపిల్ల, నత్తోడు అంటూ ఒంటిని బట్టి పెట్టే పేర్లు కొన్ని. ఇంట్లో లంబాడీ మాట్లాడి బడిలో తెలుగు తడబడే పిల్ల నోరు తెరిస్తే తరగతంతా ఆమె యాసలో వెక్కిరించడం ఇంకొకటి. స్కాలర్‌షిప్ ఫారాలిచ్చే రోజు మరీ కష్టం. "ఎస్సీలు లేవండి, ఎస్టీలు లేవండి" అని క్లాసులో పిలుస్తారు. లేచి నిలబడ్డ పిల్లల్ని మిగతావాళ్లు అప్పటిదాకా చూసినట్టే ఆ తర్వాతా చూస్తారన్న నమ్మకం ఏముంది? పేరు పెట్టింది తోటి పిల్లలే కావచ్చు, వేరుచేసి చూపింది మాత్రం పెద్దవాళ్లు. ఇప్పుడు వీటికి ఫోన్ తోడైంది. ఆడపిల్ల ఫొటో మీద ఒక మాట రాసి వాట్సాప్ గ్రూపులో పెడితే, బడి గంట కొట్టాక కూడా ఏడిపింపు ఇంటిదాకా వెంటవస్తుంది.

"పిల్లలన్నాక అట్లనే ఉంటరు" అనే మాట బడిలోనూ వినబడుతుంది, ఇంట్లోనూ వినబడుతుంది. ఒకప్పుడు నార్వేలోనూ ఇలాగే అనుకున్నారు. 1982 చివర్లో ఆ దేశపు ఉత్తర ప్రాంతంలో తోటి పిల్లల వేధింపులకు ముగ్గురు పిల్లలు బలైపోయాక ప్రభుత్వం కదిలింది. 1983లో దేశమంతటా కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో పనిచేసిన పరిశోధకుడు డాన్ ఓల్వేయస్ సరదాకూ వేధింపుకూ గీత గీశారు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదురు తిరగలేనివాడి మీద చేయడం. ఈ మూడూ ఉంటే అది ఆట కాదు. బెర్గెన్ నగరంలో 2,500 మంది పిల్లలను గమనిస్తూ బడి మొత్తాన్ని, అంటే టీచర్లను, తల్లిదండ్రులను, ఆటస్థలం కాపలాను కలిపి మార్చే పద్ధతి అమలుచేశారు. రెండేళ్లలో వేధింపులు సగం దాకా తగ్గాయని నివేదించారు.

కెనడాలోని టొరంటోలో డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ అనే పరిశోధకులు మరో పని చేశారు. ఆటస్థలాల్లో దూరంగా కెమెరాలు పెట్టి, పిల్లల బట్టలకు చిన్న మైకులు తగిలించి ఏం జరుగుతుందో చూశారు. వేధింపు జరిగిన సందర్భాల్లో పదింట ఎనిమిదికి పైగా చుట్టూ తోటి పిల్లలున్నారు. వాళ్లు అడ్డుపడింది మాత్రం ఐదింట ఒకసారి. అడ్డుపడినప్పుడు ఏమైంది? సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లు తిరక్కుండానే గొడవ ఆగిపోయింది.

పది సెకన్లు! సూర్యాపేట హాస్టల్ గదిలో ఫోన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లలో ఒక్కరు "చాల్లే, వదిలేయండిరా" అని ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు చెప్పలేం. కానీ ఆ మాట అనడం పిల్లలకు నేర్పవచ్చు. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టినా సాల్మివల్లి బృందం తయారుచేసిన 'కీవా' కార్యక్రమం అదే నేర్పుతోంది. కొట్టేవాణ్ని, దెబ్బలు తినేవాణ్ని పక్కనపెట్టి ముందు చుట్టూ చూస్తున్నవాళ్లతో మొదలుపెడుతుంది.

> అంకెల్లో
>
> ● ప్రపంచవ్యాప్తంగా ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో దాదాపు ఒకరు గడిచిన నెలలో కనీసం ఒక్కసారైనా తోటివాళ్ల వేధింపులకు గురయ్యారని యునెస్కో 2019 నివేదిక చెప్పింది.
>
> ● 13–15 ఏళ్ల విద్యార్థుల్లో సగం మంది, సుమారు 15 కోట్ల మంది, తోటివాళ్ల హింసను ఎదుర్కొన్నారని యునిసెఫ్ 2018లో అంచనా వేసింది.
>
> ● కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. బడికి పోయే పిల్లల్లో 65 శాతం మంది దెబ్బలు తిన్నామన్నారు.
>
> ● ఏటా నవంబరు మొదటి గురువారాన్ని బడుల్లో హింసకు, వేధింపులకు వ్యతిరేక దినంగా యునెస్కో 2020 నుంచి జరుపుతోంది.

"కండ్లు వదిలిపెట్టి ఏడనన్నా కొట్టుండ్రి"

పిల్లాణ్ని బడిలో చేర్పించేటప్పుడు తండ్రి సారుతో అనే మాట ఇది. మన ఊళ్లలో ఇప్పటికీ వినబడుతుంది. ఆ మాట వెనక ఉన్నది ప్రేమే. తాను చదువుకోలేదు, కొడుకు ఎలాగైనా చదవాలి, అందుకు కొంత తోలు ఊడినా పర్లేదన్న ఆశ. వీధి బళ్ల కాలం నుంచి వచ్చిన అలవాటది. కోదండం, గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె. ఇవి లేకుండా అక్షరం రాదని మూడు నాలుగు తరాలు నమ్మాయి.

ఆ నమ్మకాన్ని లెక్కకట్టి చూసిన అధ్యయనం తెలుగు నేల మీదే జరిగింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే 'యంగ్ లైవ్స్' 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి వెన్నంటి గమనించింది. హైదరాబాద్, కరీంనగర్, మహబూబ్‌నగర్, అనంతపురం, కడప, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళం జిల్లాల పిల్లలు వాళ్లు. ఏడెనిమిదేళ్ల పిల్లల్లో మూడింట రెండొంతుల మందికి పైగా గడిచిన వారంలోనే బడిలో దెబ్బలు తిన్నారు. పద్నాలుగు పదిహేనేళ్లవాళ్లలో మూడోవంతు మంది. చిన్నవాళ్లకే ఎక్కువ దెబ్బలన్నమాట. బడి ఎందుకు ఇష్టంలేదని ఎనిమిదేళ్ల పిల్లల్ని అడిగితే నలుగురిలో ఒకరు చెప్పిన కారణం కొట్లాటలు, దెబ్బలు, తిట్లే.

ఇదంతా నిషేధం అమల్లో ఉండగా జరిగింది. బళ్లలో కొట్టరాదని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2002లోనే జీవో ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. చట్టం సారుకు తెలుసు, బడి కమిటీలో ఉన్నవాళ్లకు తెలుసు. దెబ్బ తిన్న పిల్లాడికి తెలియదు. తెలిసినా ఇంటికి పోయి చెబితే "నువ్వేం చేసినవ్?" అన్నదే మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్న చేసే నష్టం ఇంతా అంతా కాదు. పెద్దవాడు కొడితే అడిగేవాడు లేడని పిల్లాడికి ఒకసారి అర్థమయ్యాక, తనకంటే చిన్నవాడు దొరికినప్పుడు తానే పెద్దవాడవుతాడు. మానిటర్ చేతికి బెత్తమిచ్చి "అల్లరి చేసినవాళ్ల పేర్లు రాసి పెట్టు, రెండు తగిలించు" అని సారు బయటికి వెళ్లే బళ్లు ఇంకా ఉన్నాయి. సీనియర్ అనేవాడు అక్కడే పుడతాడని నా నమ్మకం.

టీచర్ల గోడు కూడా వినాలి. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు పిల్లల ముందు సాష్టాంగపడి గుంజీలు తీశారు. కొట్టలేం, తిట్టలేం, పిల్లలు మాట వినడం లేదు, చదువులో వెనకబడుతున్నారు, ఏం చేయమంటారని ఆయన ఆవేదన. ఆ వీడియో రెండు రాష్ట్రాల్లోనూ చూసినవాళ్లను కదిలించింది. 2024 డిసెంబరు 4న రాయచోటిలో ఉర్దూ ఉన్నత పాఠశాలలో విద్యార్థుల గొడవ నేపథ్యంలో ఒక ఉపాధ్యాయుడు ప్రాణాలే కోల్పోయారు. బెత్తం తీసేసినప్పుడు దాని స్థానంలో ఏం చేయాలో టీచరుకు ఎవరూ నేర్పలేదు. అల్లరి పిల్లాడితో ఎలా మాట్లాడాలి, కొట్టుకున్న ఇద్దరిని ఎలా కూర్చోబెట్టాలి అన్న శిక్షణ వారం రోజులైనా పొందిన టీచర్లు మన మండలాల్లో ఎందరున్నారు? ఫలితాల శాతం మాత్రం ప్రతి సమీక్షలోనూ అడుగుతారు.

సర్వేల్ నుంచి భువనగిరి దాకా

హాస్టల్ చదువుతో, సూర్యాపేట ఒకప్పుడు భాగమైన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఉన్న బంధం పాతది. దేశానికి దారి చూపిన గురుకుల పాఠశాల 1971లో అక్కడి సర్వేల్‌లో పుట్టింది. అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావు దాన్ని తలపెట్టారు. పేదింటి పిల్లలను ఊరి కట్టుబాట్ల నుంచి, పొలం పనుల నుంచి తప్పించి, కడుపునిండా తిండిపెట్టి, మంచి టీచర్లనిచ్చి చదివిస్తే ఎంత ఎత్తుకు పోతారో ఆ బడి చూపించింది. ఇప్పుడు తెలంగాణలో అన్ని రకాల గురుకులాలూ కలిపి వెయ్యికి పైగా ఉన్నాయి. మఠంపల్లి తండాల నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు రావాలంటే మనకున్న రాజమార్గం అదే. గురుకులాల మీద ఎవరు రాయి వేసినా ముందు అడ్డుపడాల్సింది మనమే.

అందుకే అక్కడి గాయాల గురించి గట్టిగా మాట్లాడాలి. గురుకులంలో పిల్లాడికి సాయంత్రం ఇల్లు లేదు. పగలు ఏడిపించినవాడే రాత్రి పక్క మంచం మీద ఉంటాడు. స్నానాల గది, అన్నం వరుస, స్టడీ అవర్... తప్పించుకునే చోటుండదు. చేతిలో ఫోనుండదు. హాస్టల్ ఫోన్ దగ్గర నిలబడి మాట్లాడుతుంటే వెనక పదిమంది వరుసలో ఉంటారు, పక్కన వార్డెన్ ఉంటారు. "బాగున్నావా బిడ్డా?" అని అమ్మ అడిగితే "బాగున్న" అని తప్ప ఏం చెబుతారు?

2024 ఫిబ్రవరిలో భువనగిరి ఎస్సీ బాలికల వసతిగృహంలో పదో తరగతి చదువుతున్న ఇద్దరమ్మాయిలు చనిపోయారు. వాళ్లు రాసినట్టు చెబుతున్న లేఖలో, చేయని తప్పుకు నిందలు పడుతున్నామన్న బాధ ఉంది. కన్నవాళ్లు ఆ మరణాలపై అనుమానాలు వ్యక్తం చేశారు. ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా ఒకే తంతు. వార్డెన్ సస్పెన్షన్, ధర్నా, ఎక్స్‌గ్రేషియా, విచారణ. ఒక్కరి వల్లే ఒక చావు జరిగిందని తేల్చేయడం చాలాసార్లు తప్పవుతుంది, పిల్లల మనసులో ఎన్నో కారణాలు కలిసి ఉంటాయి. కానీ "మా మాట ఎవరూ నమ్మడం లేదు" అని ఒక పిల్ల అనుకునే దాకా రోజులు గడుస్తుంటే ఆ హాస్టల్లో ఎవరికీ తెలియకపోవడం మాత్రం మన వ్యవస్థ తప్పే.

అమెరికాలో 1999లో కొలంబైన్ బడిలో కాల్పులు జరిగాక అక్కడి సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి అలాంటి 37 ఘటనలను తవ్వి చూశాయి. 2002లో నివేదిక ఇచ్చాయి. పదింట ఎనిమిది ఘటనల్లో, దాడి చేయబోయే పిల్లాడి ఆలోచన ముందే కనీసం ఒక్కరికైనా తెలుసు. చాలావరకు తోటి స్నేహితులకే. వాళ్లు పెద్దవాళ్లకు చెప్పలేదు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన తెలుగు తల్లిదండ్రులు, ఐదేళ్ల పిల్లలు క్లాసులో లైట్లార్పి మూల దాక్కునే లాక్‌డౌన్ డ్రిల్ గురించి చెబుతుంటే మనకు గుండె జారుతుంది. మన బళ్లకు తుపాకుల భయం లేదు. తెలిసీ చెప్పకపోవడమనే జబ్బు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

నలందాలో ఏం చేశారు?

దీనికి విరుగుడు వెతకడానికి నార్వే దాకా పోనక్కర్లేదు. బిహార్‌లోని నలందా జిల్లా చాలు. పేదరికం, కిక్కిరిసిన తరగతులు, టీచర్ల కొరత అన్నీ ఉన్న జిల్లా. అక్కడి 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 'సంగత్' సంస్థ 'సెహర్' పేరుతో ఒక కార్యక్రమం నడిపింది. బళ్లను మూడు జట్లుగా చేశారు. ఒక జట్టు బళ్లలో ఆ పని స్థానికంగా నియమించి శిక్షణ ఇచ్చిన మామూలు కౌన్సెలర్‌కు అప్పగించారు. మానసిక నిపుణుడేమీ కాని మనిషి. రెండో జట్టులో అదే పని బడిలో ఉన్న టీచరుకే అప్పగించారు. మూడో జట్టులో మామూలు పాఠాలే. ప్రార్థన సమయంలో మాట్లాడటం, గోడపత్రిక, పిల్లల బృందాలు, మనసులో మాట రాసి వేసే పెట్టె, కావాలనుకున్నవాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడటం. మొదటి రెండు జట్లలో చేసిన పనులివే.

ఫలితాలు 2018లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. కౌన్సెలర్ ఉన్న బళ్లలో వేధింపులు తగ్గాయి, హింస తగ్గింది, పిల్లల్లో దిగులు తగ్గింది, బడి మీద ఇష్టం పెరిగింది. టీచరు చేసిన బళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

ఈ తేడా దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. టీచర్లు చెడ్డవాళ్లని దాని అర్థం కాదు. మార్కులు వేసే మనిషికి, ఇంటికి ఫోన్ చేసే మనిషికి, రేపు మళ్లీ క్లాసులో ఎదురయ్యే మనిషికి పిల్లలు గుండె విప్పలేరు. పాఠం చెప్పే పనిలో మునిగిన టీచరుకు ఆ తీరికా ఉండదు. మనకు సీసీ కెమెరాలు కొనడానికి డబ్బులున్నాయి. కెమెరా ఎవరు ఎవర్ని కొట్టారో చూపిస్తుంది, ఎందుకు ఆ పిల్ల మూడు రోజులుగా అన్నం తినడం లేదో చూపించదు. బాత్రూమ్ వెనకకు, బస్సు వెనక సీటుకు, వాట్సాప్ గ్రూపుకు అది ఎలాగూ చేరదు. మండలానికి ఇద్దరు కౌన్సెలర్లను ఇచ్చి, వారానికో బడి తిరగమంటే అయ్యే ఖర్చు ముందు లెక్కవేయాలి.

సుప్రీంకోర్టు కూడా ఈ దారిలోనే మాట్లాడింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల బెంగాలీ అమ్మాయి మరణం మీద ఆమె తండ్రి పోరాడిన కేసులో 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. బడి, కాలేజీ, కోచింగ్ సెంటర్, హాస్టల్ ఏదైనా సరే, వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులుంటే కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. వంద కంటే తక్కువ ఉంటే బయటి నిపుణులతో ఒప్పందం ఉండాలి. ర్యాగింగ్, వేధింపుల మీద పేరు బయటపడకుండా ఫిర్యాదు చేసే వీలుండాలి. కోదాడలో, మిర్యాలగూడలో పుట్టగొడుగుల్లా లేచిన ప్రైవేటు హాస్టళ్లలో ఫీజు కట్టే రోజు ప్రతి తల్లీ తండ్రీ ఒక ప్రశ్న వేయాలి: మీ కౌన్సెలర్ ఎవరు, మా పిల్ల ఆయన్ని ఎప్పుడు కలవొచ్చు?

> చట్టం ఏమంటోంది?
>
> ● ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది, తెలంగాణలోనూ అమల్లో ఉంది. కాలేజీలకే కాదు, హాస్టళ్లకు, ట్యుటోరియల్స్‌కు కూడా వర్తిస్తుంది.
>
> ● అవమానించడం, ఏడిపించడం: 6 నెలల వరకు జైలు. చేయిచేసుకోవడం, బెదిరించడం: ఏడాది వరకు. నిర్బంధించడం, గాయపరచడం: 2 ఏళ్ల వరకు. తీవ్రంగా గాయపరిస్తే 5 ఏళ్ల వరకు. ప్రాణం పోతే పదేళ్లు లేదా యావజ్జీవం.
>
> ● ఫిర్యాదు అందినా చర్య తీసుకోని సంస్థ అధిపతి కూడా నేరానికి సహకరించినట్టే లెక్క.
>
> ● 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం తమ సంరక్షణలో ఉన్న పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే జైలుశిక్ష. లైంగిక వేధింపులైతే 2012 పోక్సో చట్టం. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా దాని కింద నేరమే.

కొట్టినవాడూ పిల్లాడే

ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ "టీసీ ఇచ్చి పంపించండి" అని గట్టిగా అరుస్తాం. కొన్ని నేరాలకు అది తక్కువ శిక్షే. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థిని, గిరిజన కుటుంబం నుంచి వచ్చిన బిడ్డ, చనిపోయినప్పుడు ర్యాగింగ్ చట్టంతో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో గాంధీ మెడికల్ కాలేజీ పదిమంది సీనియర్లను ఏడాదిపాటు సస్పెండ్ చేసింది. చదువుకున్న పెద్దవాళ్లకు ఆ కాఠిన్యం ఉండాల్సిందే.

పన్నెండేళ్ల పిల్లాడి సంగతి వేరు. చిన్న తప్పుకూ పెద్ద తప్పుకూ ఒకే కొరడా అనే పద్ధతిని అమెరికా బళ్లు ఏళ్ల తరబడి పాటించాయి. దానివల్ల బళ్లు క్షేమంగా మారాయనడానికి ఆధారాల్లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన నిపుణుల బృందం 2008లో తేల్చింది. మన దగ్గర టీసీ ఇచ్చిన పిల్లాడు ఎక్కడికి పోతాడో తెలిసిందే. ఇంకో బడి చేర్చుకోదు. ఇటుక బట్టీకో లారీ క్లీనరుగానో పోతాడు. ఇంట్లో తాగొచ్చి అమ్మను కొట్టే నాన్నను రోజూ చూసే పిల్లాడు బడిలో చేయెత్తితే, వాణ్ని గెంటేయడమంటే వాడికి ఉన్న ఒక్క దారీ మూసేసినట్టవుతుంది. వాడితో మాట్లాడే మనిషి కూడా కావాలి. కౌన్సెలర్ కొట్టినవాడికీ దెబ్బ తిన్నవాడికీ, ఇద్దరికీ అవసరం.

> ఎవరికి ఫోన్ చేయాలి?
>
> ● 1098: పిల్లల హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. పిల్లలు నేరుగా చేయవచ్చు.
>
> ● 112: ప్రమాదంలో ఉన్నప్పుడు పోలీసు సాయానికి.
>
> ● 14416: టెలీ మానస్. మనసు బాగోలేనప్పుడు, బతకాలనిపించనప్పుడు తెలుగులోనే మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు, టీచర్లు కూడా చేయవచ్చు.
>
> ● ఈ నంబర్లు పిల్లల డైరీ మొదటి పేజీలో రాయించండి. చిన్నపిల్లలైతే అమ్మానాన్నల నంబరుతో పాటు వీటినీ నోటికి నేర్పండి.

పెట్టె ఎక్కడ ఉండాలి?

చాలా బళ్లలో ఫిర్యాదుల పెట్టె ఉంది. హెడ్మాస్టర్ గది తలుపు పక్కన, నోటీసు బోర్డు కింద, మేకుకు వేలాడుతూ ఉంటుంది. తాళానికి తుప్పు పట్టి ఉంటుంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో అటెండరుకే గుర్తుండదు. ఆ పెట్టెలో చీటీ వేయాలంటే వరండా అంతా చూస్తుండగా హెడ్మాస్టర్ గది దాకా నడవాలి. ఏ పిల్లా ఆ ధైర్యం చేయదు. పెట్టె ఖాళీగా ఉంది కాబట్టి మా బడిలో సమస్యలే లేవని రిజిస్టర్లో రాస్తారు.

దీన్ని మార్చడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. తెలంగాణలో 2024 నుంచి ప్రభుత్వ బళ్లకు 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు ఉన్నాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు, బడిలో చదివే పిల్లల తల్లులు వాటిని నడుపుతున్నారు. మంచినీళ్లు, మరుగుదొడ్లు, చిన్నచిన్న మరమ్మతుల పని చూస్తున్నారు. ఆ తల్లులకే పెట్టె తాళంచెవి ఇవ్వాలి. పెట్టెను ఎవరూ గమనించని చోట, మంచినీళ్ల కుళాయి దగ్గరో లైబ్రరీ మూలనో పెట్టాలి. ప్రతి శనివారం ఇద్దరు తల్లులు, ఆ ఊరి ఆశా కార్యకర్తతో కలిసి తెరవాలి. పేరున్న చీటీని పైకి చదవకూడదు. లైంగిక వేధింపు వాసన వస్తే ఆ పూటే 1098కో పోలీసులకో చెప్పాలి, రాజీ మాటలు మాట్లాడకూడదు. మిగతావాటి మీద వారంలో ఏం చేశారో సోమవారం ప్రార్థనలో, ఎవరి పేరూ ఎత్తకుండా, పిల్లలకు చెప్పాలి. మొదటి నెల చీటీల్లో పెన్సిల్ పోయిందనీ ఉప్మా బాగాలేదనీ ఉంటుంది. వాటికీ జవాబివ్వాలి. ఉప్మా మాట పట్టించుకున్నారని నమ్మకం కుదిరాకే పిల్లలు అసలు మాట రాస్తారు.

మఠంపల్లి మండలంలో ఏ బడి దీన్ని ముందుగా మొదలుపెట్టినా, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడలకు అది చూపించుకోవచ్చు. ప్రైవేటు బళ్లు తమ దగ్గర అమ్మ కమిటీ లేదని తప్పుకోనక్కర్లేదు. ఫీజు కట్టే తల్లులూ తల్లులే, నెలకోసారి వాళ్లలో ఇద్దరిని పిలవొచ్చు. గురుకులాల్లో తాళంచెవి బయటివాళ్ల చేతిలో, నెలలో రెండుసార్లు వచ్చే కౌన్సెలర్ దగ్గర ఉండాలి. వార్డెన్ దగ్గర ఉండకూడదు. ఇక కౌన్సెలర్ల నియామకం ఎంతవరకు వచ్చిందో జిల్లా విద్యాధికారి, జిల్లా బాలల సంరక్షణ అధికారి ప్రతి మండలానికీ పేరుపేరునా చెప్పాలి. వచ్చే గ్రామసభలో రేషన్ కార్డు, పింఛను ప్రశ్నల మధ్య ఒక తల్లి లేచి ఈ ప్రశ్న అడిగితే, జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించుకుని సంతకం పెట్టించుకోవాలి.